రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి తెల్లబట్టలు

"శీలం" అనే మాట వినగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే పాత తెలుగు సినిమానే. వర్షం, పాడుబడ్డ బంగళా, విలన్ నవ్వు, ఆ తర్వాత "నా శీలం పోయిందన్నయ్యా" అని ఏడ్చే హీరోగారి చెల్లెలు. ఎంత పెద్ద మాట, ఎంత చిన్న గదిలో ఇరుక్కుపోయిందో చూడండి. ఆడవాళ్ళకి మాత్రమే ఉండేదీ, వాళ్ళ ప్రమేయం లేకుండా ఇంకెవడో వచ్చి పట్టుకుపోగలిగేదీ అయిపోయింది శీలమంటే. మగాళ్ళకి ఆ గొడవే లేదు. విలన్‌కి శీలం పోయిందని ఏ సినిమాలోనూ ఎవరూ ఏడవలేదు!

నిజానికి ఈ మాట అలా పుట్టలేదు. మా మోపిదేవికి పక్కన చల్లపల్లి, చల్లపల్లికి దగ్గర్లో ఘంటసాల. (గాయకుడు ఘంటసాల గారికి అది ఇంటిపేరు, ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో.) ఆ ఘంటసాలలో బౌద్ధస్తూపం ఉంది. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టోలెమీ రాసిన భూగోళంలో కనిపించే కంటకస్సిల అనే రేవు ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ స్తూపానికి వచ్చిన బౌద్ధ గృహస్థులకి శీలమంటే ఐదు. చంపకపోవడం, దొంగతనం చెయ్యకపోవడం, కామంలో దారి తప్పకపోవడం, అబద్ధమాడకపోవడం, మత్తు పుచ్చుకోకపోవడం. ఐదింట్లో ఒకటి మాత్రమే మన సినిమావాళ్ళకి మిగిలింది. అదీ సగమే.

అచ్చతెలుగులో ఇంకా మంచి మాటుంది. నడత, నడవడి. నడకలోంచి వచ్చిన మాట. మనిషి ఎటు నడుస్తున్నాడో, ఎలా నడుస్తున్నాడో అదే వాడు. ఇప్పుడు ఈ మాటల్ని వ్యక్తిత్వం అనే మాట తోసేసింది. దానికి తోకగా వికాసం కూడా చేరింది. యండమూరి గారి "విజయానికి ఐదు మెట్లు" చదవని ఇంజనీరింగ్ కుర్రాడు మా తరానికి ముందు తరంలో ఉండుండడు. వాటిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు, నేనూ చదివాను. కానీ ఆఫీసులో సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ అని కూర్చోబెట్టినప్పుడల్లా ఒకటి గమనిస్తుంటాను. షేక్‌హ్యాండ్ ఎంత గట్టిగా ఇవ్వాలో, కళ్ళలోకి ఎలా చూడాలో, ఈమెయిల్ ఎలా మొదలుపెట్టాలో అన్నీ చెబుతారు. చేసిన తప్పు క్లయింటుకి చెప్పాలా వద్దా అన్నది మాత్రం సిలబస్‌లో ఉండదు. అంటే ఎదుటివాడికి ఎలా కనపడాలో నేర్పుతారు, ఎవరూ చూడనప్పుడు ఎలా ఉండాలో నేర్పరు. నేర్పగలిగేది కాదేమో అనుకుంటాం మనం. కానీ సరిగ్గా ఆ పాఠమే చెప్పడానికి జీవితం మొత్తం ఖర్చుపెట్టిన మాస్టారు ఒకాయన మా బందర్లో పుట్టాడు. ఇవాళ ఆయన పేరు అడిగితే కాకినాడ వాళ్ళు కొంచెం చెబుతారు, మా వైపు వాళ్ళు తడుముకుంటారు.

రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో సుబేదారు. ఆయన ఉద్యోగం మూలాన పిల్లాడి చదువు ఉత్తరదేశంలో మొదలై, హిందీ, ఉర్దూ, పార్సీ వంటబట్టాయి. తర్వాత హైదరాబాదు, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అక్కడ ప్రిన్సిపాలు విలియం మిల్లర్ దొర. ఎం.ఏ. చేసి పంతులుద్యోగంలో చేరారు. బ్రహ్మసమాజంలో చేరారు. చిన్న వయసులోనే భార్య చనిపోతే మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అప్పటినుంచీ తెల్లబట్టలే. శ్వేతాంబర ఋషి అన్నారు జనం. అపర సోక్రటీసు అని కూడా అన్నారు.

1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ బందర్లో పెట్టిన బడి తర్వాత్తర్వాత నోబుల్ కాలేజీ అయింది. పందొమ్మిదో శతాబ్దం ఆఖర్న నాయుడు గారు అక్కడ పాఠం చెప్పారు. అప్పటి బందరుని ఒకసారి ఊహించుకోండి. రేవు వైభవం తగ్గిపోయింది. 1864 నవంబరు ఉప్పెనలో ముప్పైవేల మంది దాకా పోయిన ఊరు, పెద్దవాళ్ళు ఇంకా ఆ రాత్రి గురించి చెబుతూనే ఉండుంటారు. మిగిలింది కోర్టు, కచేరి, కాలేజీ. వకీళ్ళు, గుమాస్తాలు, చుట్టూ జమీందార్లు. అటువంటి ఊళ్ళో నాయుడు గారు ఎత్తుకున్న పని... భోగం మేళాలు మానండి అని.

ఇది ఇవాళ మనకి చిన్న విషయంలా కనిపిస్తుంది. అప్పట్లో పెద్దింటి పెళ్ళంటే భోగం మేళం ఉండి తీరాలి. దొర వస్తే మేళం, కొత్త ఇంట్లోకి వెళితే మేళం. పెద్దమనిషికి ఉంపుడుకత్తె ఉండడం పరువుతక్కువ కాదు, హోదా! అలాంటి చోట "మేళం ఉన్న ఇంటికి నేను రాను, మీరూ వెళ్ళకండి" అని మాస్టారు పిల్లలచేత ప్రమాణాలు చేయిస్తుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ పిల్లల్లో చాలామంది తండ్రులు, మేనమామలు ఆ మేళాలు పెట్టించేవాళ్ళే. 1893లో మద్రాసులోని సంఘసంస్కర్తలు వైస్రాయికీ, గవర్నరుకీ అర్జీ పెట్టుకున్నారు, మీరైనా ఈ కచేరీలకి వెళ్ళడం మానండి అని. అందులో మాకు తప్పేమీ కనపడలేదని ఇద్దరూ ఊరుకున్నారు. అంటే అటు సర్కారూ ఇటు సంఘమూ ఒక పక్కన, పంతులుగారు ఒక పక్కన.

ఆయన వాదన ఏమిటంటే, మనిషికి రెండు నడతలు ఉండవు. ఇంట్లో ఒకడు, సభలో ఇంకొకడు అంటే కుదరదు. రాత్రి మేళంలో కూర్చుని పొద్దున స్త్రీవిద్య గురించి ఉపన్యాసమిచ్చేవాడి మాట ఎవరు వింటారు? మనవాళ్ళు శ్రీరంగనీతులు అని ఊరికే అనలేదు కదా. సంస్కరణ చట్టాలతో మొదలవదు, చెప్పేవాడి ఒంటిమీంచి మొదలవ్వాలి అని ఆయన పట్టుదల. ఈ ధోరణికి ఆయన ఇంగ్లీషులో పెట్టుకున్న పేరుని తెలుగులో సాంఘిక పవిత్రత అనొచ్చు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక్కడే నాకు ఒక పెద్ద పేచీ ఉంది ఆయనతో.

మోపిదేవి నుంచి మొవ్వ ఎంతో దూరం కాదు. మొవ్వ అంటే క్షేత్రయ్య ఊరు, మువ్వగోపాలుడి ఊరు. ఆ పక్కనే కూచిపూడి. క్షేత్రయ్య పదాలు పదిహేడో శతాబ్దం నుంచి బతికి బట్టకట్టాయంటే వాటిని మోసింది ఎవరు? పండితులు కాదు. తల్లి నుంచి కూతురికి నేర్పుకుంటూ వచ్చిన కళావంతులు. ఏ మేళాన్ని నాయుడు గారు అసహ్యించుకున్నారో ఆ మేళంలోనే ఆ సంగీతం, ఆ అభినయం ఉన్నాయి. మేళం మానండి అన్నప్పుడు ఆ పాడే ఆవిడ రేపు ఏం తినాలి అన్న ప్రశ్న ఒకటుంటుంది. ఆ ఉద్యమం నడిచినంతకాలం ఈ ప్రశ్నకి సరైన జవాబు దొరకలేదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చేసరికి ఆ కుటుంబాలకి చాలామటుకు మాన్యాలు పోయాయి, కళ పోయింది, చెడ్డపేరు మాత్రం పోలేదు.

ఇదే గాలిలో ఇంకో సంగతి జరిగింది. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో అచ్చువేయించారు. ముద్దుపళనీ, నాగరత్నమ్మ గారూ ఇద్దరూ ఆ కులంవాళ్ళే. అప్పటికే కందుకూరి వీరేశలింగం గారు ముద్దుపళని కవిత్వాన్ని ఆడది రాయదగ్గది కాదని ఈసడించి ఉన్నారు. అదే శృంగారం మగకవులు రాస్తే ప్రబంధం, ఆవిడ రాస్తే బూతు ఎలా అయిందని నాగరత్నమ్మ గారు ఎదురడిగారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి పుణ్యమా అని చాలా ఏళ్ళకి ఆ నిషేధం పోయింది.

అందుకే పవిత్రత అనే మాట వింటే నాకు కొంచెం భయం. పవిత్రత అనగానే అపవిత్రం అనే ముద్ర వేయించుకోవడానికి ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు ఎప్పుడూ బలం లేనివాళ్ళే అవుతారు. మేళం పెట్టించిన జమీందారుకి జమీందారీ మిగిలింది. మేళంలో ఆడిన మనిషికి ఏమీ మిగల్లేదు.

సరే, ఇంతవరకే చెప్పి ఆపేస్తే నాయుడు గారికి అన్యాయం చేసినట్టు. ఎందుకంటే ఆయన నడత అంతా మేళాల దగ్గరే ఆగిపోలేదు. బందరు తర్వాత సికిందరాబాదు మహబూబ్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వెళ్ళారు. 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి వచ్చారు, 1919 దాకా అక్కడే. ఆ కాలేజీలో ఆడపిల్లల్ని మగపిల్లలతో కలిపి కూర్చోబెట్టారు. ఇప్పుడు మనం బెంచీల గురించి మాట్లాడుకుంటాం గానీ, వందేళ్ళ క్రితం కాకినాడలో అదంటే మాటలా! దళిత విద్యార్థులకి హాస్టలు పెట్టించారు, దానికి రామమోహనరాయ్ పేరు. అనాథ శరణాలయానికి పిఠాపురం రాజా సూర్యారావు గారి చేత డబ్బు పెట్టించారు. తన జీతంలో పెద్ద భాగం బీదపిల్లల ఫీజులకీ, పుస్తకాలకీ పోయేది.

జీతంలోంచి ఫీజు కట్టడాన్ని నేను తెల్లబట్టల కంటే ఎక్కువ లెక్కలో వేస్తాను. తెల్లబట్టలు అందరికీ కనపడతాయి. పదిమంది చూస్తుండగా తెల్లబట్టలు కట్టుకుని తిరిగేవాడికి అందులో కొంచెం గొప్ప కూడా దొరుకుతుంది (ఆయనకి దొరికిందని అనడం లేదు). కానీ నెల మొదట్లో జీతం వచ్చాక అందులోంచి ఎవరి పిల్లాడికో ఫీజు కట్టడం ప్రతినెలా చెయ్యాలి, ఏళ్ళ తరబడి చెయ్యాలి. ఒక ఆవేశంలో చేసే పని కాదది. మనం జనవరిలో జిమ్‌కి డబ్బు కట్టి ఫిబ్రవరిలో మానేసే రకం కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక రాజకీయం. 1924లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకి సర్ బిరుదు ఇచ్చింది. పుచ్చుకున్నారు. 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. గాంధీగారి సహాయనిరాకరణ అయి రెండేళ్ళన్నా సరిగ్గా కాలేదప్పటికి. కాలేజీలు వదిలి, బిరుదులు వదిలి జనం జైళ్ళకి పోయిన కాలం. అంత నిష్ఠాపరుడు సర్ బిరుదు ఎలా పుచ్చుకున్నారు? ఇవాళైతే సోషల్ మీడియాలో ఉతికి ఆరేసేవాళ్ళు. కానీ ఆయన్ని గురువుగారూ అని చెప్పుకున్నవాళ్ళలోనే దొరతనానికి ఎదురు తిరిగినవాళ్ళు ఉన్నారు. నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉండేది ఈ భాగమే.

నోబుల్ కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్న ముగ్గురు కుర్రాళ్ళు ఉన్నారు. ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య. ముగ్గురూ ఒకే ఈడువాళ్ళు, స్నేహితులు. ముట్నూరి వారిది మా దివి తాలూకాయే. 1902లో బందర్లో పుట్టిన కృష్ణాపత్రికకి ఆయన 1907లో సంపాదకుడయ్యారు. 1945లో కన్నుమూసేదాకా ఆయనే సంపాదకుడు. ముప్పై ఎనిమిదేళ్ళు! మనం రెండేళ్ళు ఒక కంపెనీలో ఉంటే "ఇంకా అక్కడే ఉన్నావా?" అని అడుగుతారు. కోపల్లె వారు లా చదివి ప్లీడరు బోర్డు పెట్టలేదు. 1910లో బందర్లో ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైతే తన బతుకంతా దానికే పెట్టి, 1922లో నలభై దాటీ దాటకుండానే పోయారు. సర్కారు డిగ్రీ లేకుండా చేతిపనీ, చదువూ కలిపి నేర్పిన కళాశాల అది. మన జెండా కోసం 1916లోనే పుస్తకం వేసి, 1921లో బెజవాడలో గాంధీగారికి నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య గారు కూడా అక్కడ పనిచేసినవారే. ఆయన పుట్టిన భట్లపెనుమర్రు మొవ్వ మండలంలోనే ఉంది. 1963లో బెజవాడలో పేదరికంలోనే పోయారు. 2009లో స్టాంపు వేశారు లెండి.

మూడోవారు పట్టాభి. బందర్లో డాక్టరు, ప్రాక్టీసు బాగా నడుస్తుండగా వదిలేశారు. 1923 నవంబరులో బందర్లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఊరి పెద్దలూ, రైతులూ ఇచ్చిన వాటాలు. ఇక్కడ మన భాషలో ఉన్న ఒక మాట దగ్గర కాసేపు ఆగాలి. పరపతి. "ఆయనకి ఊళ్ళో పరపతి ఉంది" అంటాం, అంటే మాట చెల్లుతుందని. "పరపతి సంఘం" అంటాం, అంటే అప్పిచ్చే సొసైటీ అని. అప్పుకీ, మనిషి మాటకున్న విలువకీ మనవాళ్ళు ఒకటే మాట వాడారు. వేరేగా పెట్టుకోవలసిన అవసరం వాళ్ళకి కనపడలేదు. బందర్లో ఒక డాక్టరుగారు బ్యాంకు పెడుతున్నానంటే రైతు తన కష్టార్జితం తెచ్చి ఇచ్చాడంటే బ్యాలెన్స్ షీటు చదివి ఇచ్చాడా? ఆ డాక్టరు గారి నడత చూసి ఇచ్చాడు. ఇప్పుడు ఆ పరపతికి మూడంకెల స్కోరు ఉంది, ఫోన్లో చూసుకోవచ్చు. నా స్కోరు బాగానే ఉంది. కానీ అది నేను ఈఎంఐ సమయానికి కట్టానని చెబుతుంది, అంతే. ఆ ఈఎంఐ డబ్బు నేను ఎలా సంపాదించానో దానికి అనవసరం.

ఈ పట్టాభి గారినే 1939లో గాంధీగారు కాంగ్రెసు అధ్యక్ష పదవికి బలపరిచారు. సుభాష్ బోసుకి 1580 ఓట్లు, పట్టాభికి 1377. ఆ ఓటమి పట్టాభిది కాదు నాది అని గాంధీగారు ప్రకటించేసరికి పాపం పట్టాభి గారికి చరిత్రలో ఓడిపోవడం కూడా సొంతంగా మిగల్లేదు! తర్వాత 1942 నుంచి మూడేళ్ళు అహ్మద్‌నగర్ కోటలో నెహ్రూ, పటేళ్ళతో పాటు జైలు. 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు, మధ్యప్రదేశ్‌కి గవర్నరుగా చేశారు, 1959లో పోయారు. ఆయన పోయాక కూడా బ్యాంకు బతికింది. 1980లో జాతీయం అయింది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మా వైపు పెద్దవాళ్ళు పాస్‌బుక్ అట్టమీద ఏమున్నా "ఆంధ్రా బ్యాంకుకి వెళ్ళొస్తా" అనే అంటారు ఇప్పటికీ.

గురువు సర్ అయ్యాడు, శిష్యులు జైలుకెళ్ళారు. గురువు మేళాలు వద్దన్నాడు. శిష్యుడు ముట్నూరి వారు బందర్లో కృష్ణాపత్రిక ఆఫీసులో సాయంత్రాలు కవులూ, చిత్రకారులూ, సంగీతజ్ఞులతో దర్బారు పెట్టాడు. గురువు చెప్పిన అభిప్రాయాల్లో ఒక్కటైనా శిష్యులకి పూర్తిగా అంటిందా అని వెతికితే చాలా తక్కువ కనిపిస్తాయి. మరి ఏమంటింది? ఒకడు పత్రిక వదల్లేదు, ఒకడు బడి వదల్లేదు, ఒకడు పెరుగుతున్న ప్రాక్టీసు వదిలేశాడు. ఏది పట్టుకోవాలో ఏది వదలాలో ఎవరికి వారే తేల్చుకున్నారు గానీ, పట్టుకున్నాక జారిపోకుండా ఉండడం మటుకు ముగ్గురిలోనూ ఒకటే. నా మట్టుకు శీలమంటే ఇది. అభిప్రాయాల జాబితా కాదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే (తప్పదు, వృత్తి రోగం) డేటా వేరు, దాన్ని నడిపే కోడు వేరు. నాయుడు గారి డేటాలో ఆ కాలపు తప్పులు చాలానే ఉన్నాయి. శిష్యులు డేటా మార్చుకుని కోడు ఉంచుకున్నారు.

దీని మీద మా రూమ్మేటుతో పెద్ద వాదనే అయింది. వాడిది సూటి మాట. "మనుషులు మంచివాళ్ళై ఉండాలి అనే సిస్టమ్ చెడ్డ సిస్టమ్ రా. మనిషి ఎలాంటివాడైనా తప్పు చెయ్యలేకుండా కట్టాలి. కోడ్ రివ్యూ అందుకే, ఆడిట్ అందుకే, బ్యాంకుల్లో ఒకడు ఎంట్రీ వేస్తే ఇంకొకడు పాస్ చేసేది అందుకే. నువ్వు పట్టాభి గారి నడత అంటున్నావు, ఆయన పోయాక అరవై ఏళ్ళు బ్యాంకు నడిచింది నడత వల్లా, లెడ్జర్ల వల్లా?" అన్నాడు. ఇందులో నిజముంది. ఎంత మంచివాడి మీదైనా సంస్థని వేలాడదీస్తే వాడితోనే అది పోతుంది. జాతీయ కళాశాల కోపల్లె వారు పోయాక మళ్ళీ ఆ ఊపు అందుకోలేదు.

కానీ మా ఊళ్ళవాళ్ళకి బాగా తెలిసిన ఇంకో కథ ఉంది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు గారు లెక్కల్లో ఏళ్ళ తరబడి దొంగ అంకెలు చూపించామని తానే ఉత్తరం రాశారు. ఏడువేల కోట్ల పైచిలుకు. అప్పటికి నేను స్కూల్లో ఉన్నాను. మా వీధిలో సత్యంలో పనిచేసే అన్నయ్య ఒకరుండేవారు, ఆయన ఉద్యోగం అంటే మాకందరికీ ఆదర్శం. ఆ కంపెనీలో ఏం తక్కువ? పేరుమోసిన ఆడిటర్లు ఉన్నారు. ప్రొఫెసర్లతో నిండిన బోర్డు ఉంది. అంతకుముందు సంవత్సరమే కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. మా రూమ్మేటు చెప్పే సిస్టమ్ అంతా ఉంది. ప్రతి గేటు దగ్గరా ఒక మనిషి నిలబడే ఉన్నాడు. గేటు కట్టగలం గానీ, గేటు దగ్గర నిలబడ్డవాడు నిజంగా చూస్తున్నాడా కళ్ళు మూసుకున్నాడా అని చూడడానికి ఇంకో గేటు, దానికి ఇంకో గేటు... ఎక్కడో ఒకచోట చివరి మనిషి ఉంటాడు. వాడి మీద ఎవరూ ఉండరు.

ఇందులో ఇంకో చిక్కుంది. 2005లో 108 అంబులెన్సు మొదలుపెట్టిందీ ఆ రామలింగరాజు గారే. ఆ బండి వచ్చి బతికించిన ప్రాణాలు అబద్ధం కాదు. లెక్కల్లో ఉన్న అబద్ధం కూడా అబద్ధమే. ఒకదానితో ఒకటి కొట్టివేయబడవు. నాయుడు గారైతే మనిషికి రెండు నడతలుండవు అనేవారు. ఉంటాయి మాస్టారూ, ఉంటాయి. మనందరికీ కొద్దో గొప్పో ఉంటాయి. ఆయన అన్నది జరిగేది కాదు, జరగాలని ఆయన కోరుకున్నది. అలా చదువుకుంటే ఆయన వాదన నిలబడుతుంది.

కంపెనీలో చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అని ఒకటి చేస్తారు. డిగ్రీ నిజమా, పాత జీతం నిజమా, పోలీసు కేసులున్నాయా. దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు పెట్టి చేరినవాళ్ళు మనకి తెలీకుండా ఎవరూ లేరు కదా. వాళ్ళలో కొంతమంది చాలా మంచి ప్రోగ్రామర్లు కూడా. పనొచ్చు, పని చేస్తారు, అయితే ఏంటి నష్టం అంటారు. నష్టం ఎక్కడుందంటే, ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇంకో పది చెప్పాలి. ప్రొడక్షన్‌లో రాత్రి రెండింటికి ఏదో పగిలినప్పుడు "ఇది నావల్ల అయింది" అని చెప్పగలిగే మనిషి పక్కనుంటే అరగంటలో తేలిపోతుంది. చెప్పలేని మనిషి ఉంటే తెల్లారేదాకా పదిమంది లాగులు వెతుకుతూ కూర్చుంటారు. నేను రెండూ చూశాను. ఆ తేడాకి రెజ్యూమెలో కాలమ్ లేదు.

నాయుడు గారు 1939 మే 26న కాకినాడలో చనిపోయారు. ఆయన శిష్యుల్లో బందరు ముగ్గురి గురించే చెప్పాను గానీ, కాకినాడ శిష్యుడు ఇంకొకాయన ఉన్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు. అవునండీ, ఊర్వశి కృష్ణశాస్త్రి గారే. నిష్ఠ, నిగ్రహం అని జీవితాంతం చెప్పిన గురువు తరగతిలోంచి తెలుగు భావకవిత్వంలో అంత విరహం రాసిన కవి వచ్చాడు. గురువు ప్రభావంతోనే బ్రహ్మసమాజంలో చేరాడు. దళితుల్ని ఇంటికి తీసుకెళ్ళాడు, అయినవాళ్ళు వెలేశారు. అంతేకాదు, కళావంతుల ఇళ్ళ ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు జరిపించే పని నెత్తిన వేసుకుని ఊరూరా తిరిగాడు. గురువు ఆ గడప తొక్కకండి అన్నాడు. శిష్యుడు ఆ గడప తొక్కి, లోపల కూర్చుని, అమ్మాయికి ఎలాంటి సంబంధం చూద్దాం అని వాళ్ళమ్మని అడిగాడు.